ఇగం

అద్దం దిగుతలేదు.
బటన్ ఒత్తితే తలుపు కడుపుల మోటరు
ముసలి పిల్లి లెక్క మూలిగి ఊకుంటది.
సంతల పిల్ల తల్లి కొంగు పట్టుకున్నట్టు
రబ్బరు అద్దాన్ని పట్టుకున్నది, ఇడుస్తలేదు.

హైదరాబాదుల మంచుగడ్డలు పడయని అందరికి ఎరుకే.
పడేది ఇగం.
తెల్లారగట్ల బానెట్ మీద చెయ్యి పెడితే
వేళ్ళు నావి కావనిపిస్తది.
ఈ పట్నంల గడ్డకట్టేది ఒక్కటే,
బాత్రూం గూట్ల కొబ్బరినూనె.
మా ఆమె ఆ సీసను చంకల పెట్టుకోని చాయ్ పెడ్తది,
చాయ్ మరిగేలోపు నూనె కరుగుతది.
కారుకు చంక యాడికెళ్ళి తేవాలె?

పుత్లీబౌలి ఖాదర్ చాచా తలుపు మీద రెండు దెబ్బలేసి
"రబ్బరు బిగుసుకుంది బేటా, ఎండలు రానీ, అదే దిగుతది" అన్నడు.
అప్పటిదాంక పిల్లల పౌడర్ కొట్టమన్నడు.
కొట్టిన.
నెలరోజులు కారంత చంటిపిల్ల వాసన.
ఎక్కినోళ్ళందరు "ఎంతమంది పిల్లలన్నా?" అని అడుగుడే.
అద్దం మాత్రం దిగలె.
పార్కింగ్ చీటీకి తలుపే తెరుస్త,
వాచ్‌మన్ నవ్వుతడు,
"దిగి దండం పెడ్తవా ఏందన్నా?"

మొన్న రాత్రి మూడున్నరకు
ఎర్రగడ్డ దవాఖాన గేటుకాడ ఎక్కింది ఒకామె.
ఫోన్ల పేరు సలోమి.
స్వెట్టర్ కింద తెల్లబట్టలు, చేతుల ఖాళీ టిఫిన్ డబ్బ.
కూసోంగనే, "అద్దం కొంచెం దించన్నా."

"ఇంత చలిలనా మేడం?"

"పన్నెండు గంటలు వేరేటోళ్ళ ఊపిరి లెక్కవెట్టిన.
ఇప్పుడు నాది నేను పీల్చుకోవాలె."

ఒత్తిన. మూలిగింది.
మల్లొక్కసారి ఒత్తిన.
సిగ్గయింది నాకు.
ఆమె ఏమనలె.
అద్దం మీద నోటితోని ఊది
ఆ ఆవిరిల వేలుతోని 4 అని రాసింది.
అడ్డంగ ఒక గీత కొట్టింది.
కింద 3 అని రాసింది.
అద్దంల చూసి నేను కండ్లు రోడ్డు మీదికి తిప్పుకున్న.

మియాపూర్ల ఇరానీ హోటల్ అప్పుడే షట్టర్ లేపుతున్నది.
ఆపిన. రెండు చాయ్‌లు తెచ్చిన.
ఆమె తాగలె.
పొగలు కక్కే గ్లాసును రబ్బరు అంచుకు ఆనించి
జ్వరం చూసినట్టు కొంచెంసేపు ఆగి,
ఇంకింత జరిపి, మల్ల ఆగి,
ఈ మూల కెళ్ళి ఆ మూలకు పోయింది.
మొదటిది సల్లారితే నా చేతుల గ్లాసు గుంజుకున్నది.
హోటలాయన గల్లా ఇడిచిపెట్టి వచ్చి నిలబడ్డడు,
కారుకు కాపడం పెట్టుడు
ఆయన గూడ ఎన్నడు చూసి ఉండడు.

"ఒత్తు."
ఒత్తిన.
"ఇంకొక్కసారి."

టక్కుమన్నది.
రెండు వేళ్ళంత, నాలుగు వేళ్ళంత, సగం.
కొట్టేసిన 4తోని 3 తలుపుల మునిగిపోయినయి.
చలి దొంగ లెక్క గాదు, ఇంటిమనిషి లెక్క లోపలికొచ్చింది,
పెనం మీద పరాటా వాసన, కాలవెట్టిన టైరు వాసన,
తడిసిన దుమ్ము వాసన అన్ని ఏసుకోని.
ఆమె ముఖం బయట పెట్టింది.
నేను సల్లారిన రెండు చాయ్‌లు మీగడతోసహ తాగి
గ్లాసులు వాపసిచ్చిన.

రామచంద్రాపురంల దిగేటప్పుడు
"ఎక్కియ్యన్నా ఇగ, ఇగం పెడ్తది నీకు" అన్నది.
ఎక్కించబోతె ఎక్కుతలేదు.
ఇద్దరం నవ్వినం.
ఆమె నవ్వు మధ్యలనే ఆగి టిఫిన్ డబ్బ తీసుకోని పోయింది.

పండ్లు టకటకా కొట్టుకుంట ఇంటికొచ్చిన.
మధ్యాహ్నం ఎండల నిలబెట్టి
ఊకెనే బటన్ గుంజి చూసిన.
అద్దం పైకొచ్చింది సప్పుడు లేకుంట.
దాని మీద వేలి గీతలు, 4, కొట్టివేత, 3.

బట్ట చేతులనే ఉన్నది.
మిగతా మూడద్దాలు తుడిచిన.